పట్టివేసిన ప్లగ్గు – ఒక చిన్న మర చరిత్ర

2024 సెప్టెంబరు మొదటి వారములో కృష్ణానదికి మహావరద వచ్చినది. ప్రకాశం బ్యారేజి వద్ద సెకనునకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల నీరు ప్రవహించినట్లు లెక్క తేలినది. ఆ బ్యారేజి కట్టిన 1957 మొదలు అంతవరకు అంతటి ప్రవాహము నమోదు కాలేదు. ఎగువన విజయవాడలో బుడమేటి నీరు వీధులను ముంచి వేలకొలది ద్విచక్ర వాహనములను తనలో దాచుకొన్నది. దిగువన రేపల్లె వైపు ఏటివార గ్రామములు, లంకలు జలమయములైనవి. వరద తీసిన పిమ్మట బండి గలవారందరికి కలుగు కోరిక ఒక్కటే: ఒక్కమారు కిక్కు కొట్టి చూతమా అని. చేయరాని పని కూడ అదియే.

నీట మునిగిన ఇంజనులో సిలిండరు లోనికి నీరు చేరియుండును. గాలిని నొక్కిన అణగును; నీటిని నొక్కిన అణగదు. పిస్టను పైకి వచ్చునప్పుడు పైనున్న నీటికి పోవు దారి లేకున్నచో ఆ బలమంతయు పిస్టనును మోయు కడ్డీపై పడి అది వంగిపోవును. కావున మొట్టమొదట చేయవలసినది ప్లగ్గును విప్పి, నీటిని బయటకు పోనిచ్చి, రెండు చెంచాల నూనె పోసి, చేతితో ఇంజనును మెల్లగా త్రిప్పుట. పది నిమిషముల పని. కాని ఆ ప్లగ్గు ఊడి రాకపోయినచో? పానా వేసి తిప్పినను కదలకపోయినచో? మరికొంత బలముపయోగించినప్పుడు మర చెడినను, ప్లగ్గు సగమునకు విరిగినను, సిలిండరు తలయే పాడగును. చిన్న సామాను కొరకు పెద్ద సామాను పోవును. ఇట్టి చిక్కు వాహనములతోపాటే పుట్టినది; దానిని విప్పు విద్యయు వాహనములతోపాటే పెరిగినది.

మర అను మాట

తెలుగులో మర అనగా యంత్రము. మర అనగా చుట్టు గాడి కూడ. మరమేకు, బియ్యపు మర – రెండింటియందును ఒకే మాట నిలిచియున్నది. ఇది అర్థము లేని కలయిక కాదు. వాలుతలమును ఒక స్తంభము చుట్టు చుట్టినచో మర ఏర్పడును. వాలుతలము ఎంత చిన్న బలముతో ఎంత పెద్ద బరువునెత్తునో, మరయు అంతే. ప్లగ్గు అను ఆంగ్లపదమునకు బిరడా అని అర్థము. సీసా మూతిని బిరడా మూసినట్లు ఇంజను తలపైనున్న రంధ్రమును ప్లగ్గు మూయును. ఈ బిరడాకు మర యుండుట ఒక విశేషము, దాని గుండా విద్యుత్తు పోవుట మరియొక విశేషము.

మోటారు మెకానికులు "ప్లగ్గు పట్టేసింది" అందురు. పట్టుట అను క్రియలో రెండు లోహములు ఒకదానినొకటి విడువకుండుట స్పష్టముగా తెలియును. శాస్త్రము ఈ మాటకు మూడు వేర్వేరు కారణములు చూపుచున్నది. వానిని తెలిసికొనుటకు ముందు ప్లగ్గు పుట్టుకను చూడవలెను.

నిప్పురవ్వ వచ్చిన దారి

1860లో ఫ్రాన్సులో ఎటియెన్ లెన్వార్ అను యంత్రశిల్పి గ్యాసుతో నడచు ఇంజనును నిర్మించి, దానిలోని గ్యాసును విద్యుత్ రవ్వతో అంటించెను. అయినను ఆ మార్గము వెంటనే స్థిరపడలేదు. 1876లో నికొలౌస్ ఓటో నాలుగు గమనముల ఇంజనును తయారుచేసినప్పుడు ఒక చిన్న జ్వాలనే ఉపయోగించెను. గోట్లీబ్ డైమ్లరు ఎర్రగా కాలిన గొట్టమును వాడెను. 1886లో మోటారు బండికి పేటెంటు పొందిన కార్ల్ బెంజి బ్యాటరీ, తీగచుట్టల సాయముతో రవ్వను పుట్టించెను గాని, ఆయనకు అన్నిటికంటె ఎక్కువ శ్రమ కలిగించిన సమస్య ఇంధనమును అంటించుటయే.

1898వ సంవత్సరములో నికోలా టెస్లా, ఫ్రెడరిక్ సిమ్స్, రాబర్టు బాష్ అను ముగ్గురు వేర్వేరుగా ఈ విషయమున పేటెంట్లు కోరిరి. చిక్కుముడి విప్పినది బాష్ కర్మాగారములోని ఇంజనీరు గాట్లాబ్ హోనల్డు. 1902లో ఆయన అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును కలిపి సిద్ధపరచెను. అప్పటినుండి పెట్రోలు ఇంజను వేగమునకు అడ్డు తొలగినది.

ప్లగ్గు చూచుటకు చిన్నది. దానిపై పడు భారము పెద్దది. నిముషమునకు 3,000 చుట్లు తిరుగు నాలుగు గమనముల ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గు సెకనునకు 25 రవ్వలనీయవలెను. రవ్వకు వేలకొలది వోల్టులు కావలెను. మంట వేడి 2,000 డిగ్రీల సెంటిగ్రేడును దాటును. మరుక్షణమే చల్లని పెట్రోలు ఆవిరి వచ్చి తగులును. లోపలి కొన 500 డిగ్రీలకంటె చల్లగానున్నచో మసి కాలిపోక పేరుకొనును. 850 డిగ్రీలను మించినచో రవ్వ రాకముందే ఇంధనమంటుకొనును. ఈ రెండు హద్దుల మధ్యనే ప్లగ్గు బ్రతుకవలెను. ఆ వేడిలో ఎక్కువ భాగము మరచుట్ల గుండా, వాషరు గుండా ఇంజను తలలోనికి పోవును. అనగా మర ప్లగ్గును పట్టియుంచుటయే గాక దానిని చల్లబరచుచున్నది. వదులుగా నున్న ప్లగ్గు కాలిపోవుటకు ఇదియే కారణము.

నడిమి కడ్డీకి, బయటి ఉక్కు కవచమునకు మధ్య విద్యుత్తు దాటకుండ అడ్డుపొర కావలెను. మొదట పింగాణి వాడిరి. అది వేడి మార్పులకు పగులుచుండెను. విమానముల ఇంజనులలో అభ్రకపు పొరలను చుట్టిరి. ఆ కాలమున ప్రపంచమునకు అభ్రకపు రేకుల నందించిన ప్రధాన దేశము భారతదేశము. నెల్లూరు సీమలోని గూడూరు గనులు అందులో పేరు గాంచినవి. 1930 దశకములో అల్యూమినా మట్టిని మిక్కిలి వేడిలో కాల్చి గట్టిపరచు పద్ధతి వచ్చి, అభ్రకమును వెనుకకు నెట్టినది. నేటి ప్లగ్గులలోని తెల్లని భాగము ఆ అల్యూమినాయే.

కొలతలు కలియని కాలము

ప్లగ్గు పట్టివేయుటకు గల తొలి కారణము మర ఆకారములోనే యుండెను. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు 'టి' మోటారులో ప్లగ్గునకు అర అంగుళపు గొట్టపు మర యుండెడిది. నీటి గొట్టముల మరవలె అది క్రింది వైపునకు సన్నగిల్లుచుండును. బిగించినకొలది మేకువలె దిగబడును. వాషరు అక్కరలేదు, గ్యాసు కారదు. కాని ఎంత బిగించిన చాలునో చెప్పు గుర్తు లేదు. వేడికి, మసికి తోడు ఈ మేకు గుణము కూడ కలిసి, కొంత కాలమునకు ప్లగ్గు తలలో ఒక భాగమైనట్లు నిలిచిపోయెడిది. పిమ్మట సమానమైన లావుగల మరను, క్రింద రాగి వాషరును వాడు పద్ధతి స్థిరపడినది. వాషరు నలిగి గ్యాసును ఆపును; మర ఊరక పట్టియుంచును. రెండు పనులను విడదీయుటచే విప్పుట సులభమైనది.

రెండవ చిక్కు కొలతలది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు 55 డిగ్రీల కోణముగల మరను ప్రమాణముగా ప్రతిపాదించెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీల కోణమును ప్రతిపాదించెను. 1898లో జ్యూరిక్ నగరమున జరిగిన సమావేశము మీటరు కొలతల మరను నిర్ణయించినది. అందుచే ప్లగ్గులును ఎన్నో విధములైనవి. క్రమముగా 18 మిల్లీమీటర్ల మర, ఆపై 14 మిల్లీమీటర్ల మర ప్రపంచమంతట వ్యాపించినవి. నేటి చిన్న మోటారు సైకిళ్ళలో 10 మిల్లీమీటర్ల మర సామాన్యము.

తెనాలి, బాపట్ల, రేపల్లెలు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రములో భాగములు. మద్రాసునుండి బెజవాడకు రైలుమార్గము 1899లో కలిసినది. ఆ దారిలోనే బాపట్ల, తెనాలి స్టేషన్లున్నవి. తెనాలినుండి చీలిన రేపల్లె శాఖ 1916 నాటిది. ఫోర్డు సంస్థ 1926లో భారతదేశమున శాఖ నెలకొల్పెను. 1955లో ఎన్‌ఫీల్డు మోటారు సైకిళ్ళ తయారీ మద్రాసులోనే మొదలైనది. బాష్ సంస్థ సహకారముతో 1951లో నెలకొన్న మైకో కర్మాగారము బెంగుళూరునుండి ప్లగ్గులను దేశమంతటికి అందించినది. ఇట్లు అమెరికా లారీలు, ఇంగ్లీషు మోటారు సైకిళ్ళు, ఇటలీ నమూనా స్కూటర్లు ఒకే వీధిలోని షెడ్డునకు మరమ్మతునకు వచ్చుచుండెను. అంగుళముల పానాలు, మిల్లీమీటర్ల పానాలు ఒకే పెట్టెలో నుండెడివి. తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము 1956లో వచ్చి మీటరు పద్ధతి క్రమముగా అమలైనను, పాత బండ్లతోపాటు పాత పానాలును చాలకాలము నిలిచినవి.

ఇందులో ప్రమాదమేమి? 14 మిల్లీమీటర్ల మరగల పాతరకపు ప్లగ్గునకు ఆరు పలకల తల అడ్డుకొలత సుమారు 20.8 మిల్లీమీటర్లు. దానికి 22 మిల్లీమీటర్ల పానా తగిలించినను తిరుగును. కాని మూలలను మాత్రమే పట్టును. బిగిసిన ప్లగ్గుపై అట్టి పానా జారి మూలలు గుండ్రమగును. పిమ్మట సరియైన పానా తెచ్చినను పట్టు దొరకదు. ప్లగ్గు పట్టివేయుట ప్రకృతి చేసిన తప్పు కావచ్చును. మూలలు పోవుట మనిషి చేసిన తప్పు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున మరియొక కష్టము వచ్చినది. పెట్రోలునకు రేషను విధింపబడగా, బస్సుల వెనుక బొగ్గు కుంపట్లను అమర్చి, అందుండి వచ్చు గ్యాసుతో నడిపిరి. ఈ గ్యాసులో మండునది ముఖ్యముగా కార్బను మోనాక్సైడు. సగము వంతు మండని నత్రజని. ఇంజను శక్తి మూడవ వంతునకు పైగా తగ్గెడిది. దానితోపాటు బూడిద, తారు ఇంజనులోనికి చేరి ప్లగ్గులను మూసివేసెడివి. మాటిమాటికి ప్లగ్గు విప్పి తుడువవలసి వచ్చెను. ఎన్ని మారులు విప్పి బిగించిన మర అంత అరుగును. ఇంధనపు కొరత చివరకు ఒక మరచుట్టు అరుగుదలగా తేలినది.

మూడు ఊళ్ళు, మూడు శత్రువులు

పటమును చూచిన ఈ మూడు పట్టణములు ఒక త్రికోణమువలె కనబడును. తెనాలి కాలువల నడుమ నున్న ధాన్యపు విపణి. బాపట్ల సముద్రమునకు చేరువ. సూర్యలంక తీరము అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరమే. రేపల్లె డెల్టా చివర నున్నది. దానికి దక్షిణముగా నిజాంపట్నము చేపల రేవు కలదు. ప్లగ్గు పట్టివేయుటకు గల మూడు కారణములను ఈ మూడు ఊళ్ళ సాయముతో జ్ఞాపకముంచుకొనవచ్చును. ఏ ఊరికి ఆ చిక్కే పరిమితమని దీని అర్థము కాదు, ఉదాహరణకు మాత్రమే.

మొదటిది మసి. దీనికి తెనాలిని తలంచవచ్చును. సంతల నడుమ ఆగుచు సాగుచు నడచు స్కూటరు ఇంజను పూర్తిగా వేడెక్కదు. పెట్రోలులో నూనె కలిపి నడుపు రెండు గమనముల స్కూటర్లలో మసి మరింత ఎక్కువ. పొలములలో మందు చల్లు పవరు స్ప్రేయర్లకును ఇట్టి ఇంజనులే యుండును. ప్లగ్గు కావలసినదానికంటె పొడవైనదైన దాని చివరి మరచుట్లు సిలిండరు లోనికి పొడుచుకొని వచ్చును. ఆ చుట్ల నడుమ మసి చేరి రాయివలె గట్టిపడును. ప్లగ్గు విప్పునప్పుడు ఆ మసి గల చుట్లు మెత్తని అల్యూమినియపు మర గుండా వెనుకకు రావలెను. వచ్చుచు ఆకురాయివలె మరను గీరివేయును. కారణము బిగువు కాదు, కొలత తప్పిన ప్లగ్గు. అందుచే కొత్త ప్లగ్గు కొనునప్పుడు మర లావుతోపాటు మర పొడవును చూడవలెను.

రెండవది ఉప్పు. దీనికి బాపట్ల సాక్షి. కడలి గాలిలో ఉప్పు తుంపరలుండును. ఉప్పు కలిసిన తేమ, ఉక్కు ప్లగ్గు, అల్యూమినియపు తల – ఈ మూడును కూడిన ఒక చిన్న విద్యుద్ఘటము సిద్ధమైనట్లే. రెండు భిన్న లోహములు ఉప్పునీటిలో తాకియున్నప్పుడు అందులో చురుకైన లోహము క్షయించును. ఇచ్చట క్షయించునది అల్యూమినియము. దాని నుండి పుట్టిన తెల్లని పొడి మరల సందులను నింపి బిగించును. పోత ఇనుప తలలున్న పాత ఇంజనులలోనైతే ఎర్రని తుప్పు ఇదే పని చేయును. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెట్టింపునకు మించిన చోటు నాక్రమించును. ఇరుకు సందులో అంత చోటు లేనందున రెండువైపుల నొక్కును. ప్లగ్గు కవచములపై నికెలు పూత వేయుట దీనికి ప్రతిక్రియ.

మూడవది వరద నీరు. దీనికి రేపల్లె సీమ తార్కాణము. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన రేపల్లె, నిజాంపట్నము, బాపట్ల ప్రాంతములను కూడ దెబ్బతీసినది. ఆ విపత్తులో పదివేలమంది మరణించినట్లు ప్రభుత్వపు లెక్క. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరము దాటినది. 2024 వరద సంగతి మొదటనే చెప్పబడినది. నీట మునిగిన ఇంజనును వారము రోజులు అట్లే విడిచిన సిలిండరు లోపల, ప్లగ్గు మరలో, పిస్టను కంకణములలో ఒకేసారి తుప్పు పట్టును. మంచినీటికంటె ఉప్పునీరు ఈ పనిని వేగముగా చేయును. రైతునకు బండి, స్ప్రేయరు, పంపు అత్యవసరమైన దినములు సరిగా అవియే.

ఈ మూడింటికి మించిన శత్రువు తొందర. దానికి ఊరు లేదు.

బలమునకు లెక్క

14 మిల్లీమీటర్ల ప్లగ్గును అల్యూమినియపు తలకు బిగించుటకు సుమారు రెండున్నర కిలోగ్రాము-మీటర్ల భ్రామకము చాలును. 30 సెంటిమీటర్ల పానాపై 8 కిలోగ్రాముల బలమువేసిన ఇది వచ్చును. చేతికి అది పెద్ద బలము కాదు. అదే పానాకు మీటరు పొడవు గొట్టము తగిలించి 20 కిలోగ్రాముల బలమువేసిన 20 కిలోగ్రాము-మీటర్లగును. అనగా కావలసిన దానికి 8 రెట్లు. ఆర్కిమిడీసుకు ప్రీతిపాత్రమైన తులాదండము ఇచ్చట శత్రువుగా మారును. ప్లగ్గు కవచము లోపల డొల్ల. మర మొదలయ్యెడి చోట దాని గోడ పలుచన. గొట్టము తగిలించిన చేతికి ఆ గోడ విరుగుచున్నట్లు తెలియకపోవును. ప్లగ్గు కదలుచున్నదనుకొని సంతోషించు క్షణముననే అది తెగుచుండవచ్చును.

వేడి విషయములో ఒక వైరుధ్యము కనిపించును. ప్లగ్గును చల్లారిన ఇంజనులోనే విప్పవలెనని తయారీదారులందురు. బిగిసిన దానిని కొద్దిగా వేడిచేసి విప్పవలెనని అనుభవజ్ఞులందురు. రెండును నిజమే. ఒక డిగ్రీ వేడికి అల్యూమినియము ఉక్కుకంటె సుమారు రెండు రెట్లు వ్యాకోచించును. 14 మిల్లీమీటర్ల రంధ్రము, దానిలోని ప్లగ్గు సమానముగా 100 డిగ్రీలు వేడెక్కినచో రంధ్రము ప్లగ్గుకంటె మిల్లీమీటరులో నూరవ వంతునకు పైగా అధికముగా విచ్చుకొనును. తుప్పు పొర పగులుటకు అంత చాలును. కాని ఇప్పుడే ఆగిన ఇంజనులో ప్లగ్గు తలకంటె ఎక్కువ వేడిగా నుండును. వేడి అల్యూమినియము మెత్తబడియుండును. అప్పుడు బలముచేసిన మర గీసుకొనిపోవును. కనుక సామాన్యమైన పనికి చల్లని ఇంజను. పట్టివేసిన ప్లగ్గునకు చేయి ఓర్చునంత గోరువెచ్చదనము – ఇదియే సమన్వయము.

విప్పు విద్య

మొదట ప్లగ్గు చుట్టునున్న గుంటను శుభ్రము చేయవలెను. సైకిలు పంపుతో గాలికొట్టిన దుమ్ము, ఇసుక ఎగిరిపోవును. లేనిచో ప్లగ్గు రాగానే అవి సిలిండరులో పడి గోడలను గీరును. కండ్లకు అద్దములు ధరింపవలెను. చుట్టును పెట్రోలు కారుట లేకుండ చూచుకొనవలెను.

పిమ్మట సరియైన కొలతగల లోతైన గొట్టపు పానాను నిటారుగా దించవలెను. పానా వాలినచో పింగాణి పగులును. మెల్లగా బలమును పెంచుచు ఎనిమిదవ వంతు చుట్టు మాత్రమే త్రిప్పవలెను. కదలినచో వెంటనే ఆపి మర మొదట కొన్ని చుక్కల పలుచని నూనె వేయవలెను. మోటారు షెడ్లలో కిరసనాయిలు, ఇంజను నూనె కలిపి ఇందుకు వాడుట పరిపాటి. పలుచని ద్రవము ఇరుకు సందులోనికి తనంతట తాను ప్రాకును. దీపపు వత్తి నూనెను పీల్చు ధర్మమే ఇది. కేశనాళికా ధర్మమని పాఠ్యపుస్తకములలో చెప్పబడుచున్నది. గోరువెచ్చని ఇంజను చల్లారుచున్నప్పుడు సందులోని గాలి ముడుచుకొని నూనెను ఇంకను లోనికి లాగును. దానికి కాలము కావలెను. సాయంత్రము నూనె వేసి తెల్లవారి విప్పుట మంచిది.

తరువాత ముందునకు కొంచెము, వెనుకకు కొంచెము త్రిప్పవలెను. బిగిసిన చోట బిగించు వైపునకు మరల తిప్పుట వింతగా తోచును. కాని మరలోని మసి, తుప్పు పొడియై నూనెతో బయటికి వచ్చుటకు ఇది తప్పనిసరి. ఒకే దిశగా లాగినచో ఆ పొడి చీలవలె ముందునకు చేరి మరల పట్టివేయును. తేలికపాటి సుత్తితో పానా తలపై నిలువుగా చిన్న చిన్న దెబ్బలు కొట్టుట తుప్పు పొరను సడలించును.

ప్లగ్గు విరిగి, మర భాగము రంధ్రములోనే నిలిచినచో పని మారును. పింగాణి ముక్కలను ఏరివేసి, మిగిలిన ఉక్కు గొట్టములో ఎడమ మర గల కోపు పనిముట్టును దించి, ఎడమవైపునకు త్రిప్పుదురు. త్రిప్పినకొలది పనిముట్టు లోనికి బిగియును. బిగిసిన పిమ్మట విరిగిన ముక్కను తనతో త్రిప్పును. బిగువునే విడుపునకు వాడుకొనుట ఇందులోని చమత్కారము. ఇనుప రజను లోన పడకుండ పనిముట్టు గాడులలో గ్రీజు నింపవలెను.

రంధ్రపు మరయే పోయినచో తలను పారవేయ నక్కరలేదు. రంధ్రమును కొంచెము పెద్దది చేసి, క్రొత్త మర కోసి, అందు స్ప్రింగువలె చుట్టిన ఉక్కు తీగను దించుదురు. ఆ తీగ వెలుపలి వైపు క్రొత్త మరలో కూర్చుండును. లోపలి వైపు పాత కొలత మరగా నిలుచును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానముల ఇంజనులకు విరివిగా ఉపయోగపడిన ఈ ఉపాయము నేడు చిన్న పట్టణములలోని లేతు షెడ్లలో సయితము జరుగుచున్నది. మెత్తని అల్యూమినియముకంటె ఉక్కు తీగ గట్టిది. కాబట్టి బాగుచేసిన మర తొలి మరకంటె ఎక్కువ కాలము మన్నును.

క్రొత్త ప్లగ్గును దించుటలో ఒక సులభమైన జాగ్రత్త కలదు. దాని పింగాణి కొనకు పెట్రోలు పైపు ముక్కను తొడిగి, ఆ పైపుతోనే త్రిప్పవలెను. మర సరిగా పడినచో ప్లగ్గు సులువుగా దిగును. అడ్డముగా పడినచో పైపు జారునే గాని మర చెడదు. చేతితో దిగినంత దింపి, పిమ్మట పానాతో క్రొత్త వాషరైన సుమారు అర చుట్టు బిగించిన చాలును. మరకు గ్రీజు పూయుట పూర్వపు అలవాటు. నికెలు పూతగల నేటి ప్లగ్గులకు అది అక్కరలేదని తయారీదారుల మాట. గ్రీజుచే ఘర్షణ తగ్గి, అదే బలముతో ప్లగ్గు మితిమీరి బిగియును. రేపటి చిక్కు నేటి జాగ్రత్తనుండియే పుట్టును.

ఈ చిక్కు పెద్ద కర్మాగారములను కూడ విడువలేదు. 2004 ప్రాంతమున అమెరికాలో ఫోర్డు సంస్థ ఒక లారీ ఇంజనులో రెండు ముక్కలుగా చేసిన పొడవైన ప్లగ్గును వాడెను. క్రింది భాగము చుట్టు మసి పట్టుటచే, విప్పునప్పుడు పై భాగము మాత్రమే చేతికి వచ్చి క్రింది భాగము రంధ్రములో నిలిచెడిది. సంస్థ తన మెకానికులకు ప్రత్యేకపు సూచనలు పంపెను. అందులోని సారము పై విద్యయే: కొంచెము త్రిప్పుము, ద్రవము పోయుము, వేచియుండుము, ముందు వెనుకలుగా కదుపుము.

డీసెలు ఇంజనులకు రవ్వ ప్లగ్గు లేదు. అయినను బస్సులకు, ట్రాక్టర్లకు నూనె తొట్టి క్రింద నుండు బిరడా ఈ నియమములకు లోబడినదే. కారునేమోయను భయముతో దానిని మితిమీరి బిగించుటచే మర పోవును; మర పోవుటచే నూనె కారును.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

మూడు గాజు గ్లాసులలో ఉప్పునీరు పోయవలెను. మొదటి దానిలో అల్యూమినియపు రేకు ముక్కను, రెండవ దానిలో ఇనుప మేకును, మూడవ దానిలో మేకునకు గట్టిగా చుట్టిన రేకును వేయవలెను. వారము రోజులు దినదినము చూచి వ్రాసికొనవలెను. విడిగానున్న మేకు తుప్పు పట్టును. రేకు చుట్టిన మేకు చాలవరకు శుభ్రముగానుండగా రేకుపై తెల్లని పొడి, గుంటలు ఏర్పడును. ఇనుమును కాపాడుచు అల్యూమినియము తాను క్షయించుచున్నదని విద్యార్థులు కన్నులార చూతురు. ఇంజను తలలోని మర నశించునది ఇట్లే. దగ్గరనున్న షెడ్డునుండి పారవేసిన ప్లగ్గులను తెచ్చి కొనలను పోల్చుట రెండవ పని. లేత గోధుమవన్నె కొన మంచి ఆరోగ్యమునకు గుర్తు. నల్లని పొడి మసి పెట్రోలు మితిమీరుటకు, నూనె తడి కంకణములు అరుగుటకు, తెల్లని కాలిన కొన అతివేడికి గుర్తులు.

విద్యుత్తుతో నడచు స్కూటర్లు నేడు ఈ మూడు పట్టణముల వీధులలోను తిరుగుచున్నవి. వానికి ప్లగ్గు లేదు. మరియొక తరమునకు రవ్వ ప్లగ్గు వస్తు ప్రదర్శనశాలకు చేరవచ్చును. తెనాలిలో శిల్పులు వాహనముల ఇనుప తుక్కును, నట్లను, బోల్టులను కూర్చి నిలువెత్తు విగ్రహములు మలచుచున్నారు. పాత మరలకు అట్టి గౌరవము కూడ దక్కుచున్నది. కాని మరలు మాత్రము పోవు. బ్యాటరీ పెట్టెను పట్టియుంచునదియు మరయే. పడవ ఇంజనును, నీటి పంపును పట్టియుంచునదియు మరయే. ఉప్పు గాలి వానిని కూడ విడువదు.

ఈ విద్యలో చాల భాగము పుస్తకములలో లేదు. గురువు చేతినుండి శిష్యుని చేతికి, షెడ్డునుండి షెడ్డునకు వచ్చినది. ఎంత బలమునకు ప్లగ్గు కదలునో, ఎంత బలమునకు తెగునో ఆ చేతులకు తెలియును. దానికి కారణము తెలుపుట పాఠశాల పని. వరద తీసిన మరునాడు బురదలో నిలిచిన బండి ముందు కూర్చున్న పిల్లవానికి ఈ రెండును కలిసి తోడ్పడినప్పుడు, వాడు కిక్కు కొట్టడు, గొట్టము తగిలించడు, నూనె చుక్కలు వేసి, తెల్లవారు వరకు వేచియుండును.